నాలుగు గంటల పాఠం.. నలభై అయిదేళ్ల కృతజ్ఞత

శనివారం. ఆఫీసుకి సెలవు. తలుపులు మూసి ఉన్నాయి. బయట ఇరవై ఏళ్ల కుర్రాడొకడు నిలబడి తలుపు కొడుతున్నాడు. అపాయింట్‌మెంట్‌ లేదు. లోపల తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. తనకి పాఠం చెప్పే ప్రొఫెసర్‌ ఈ కంపెనీకి ఛైర్మన్‌ అని లైబ్రరీలో ఒక పుస్తకంలో చూశాడు. అసలు ఈ కంపెనీ ఏం చేస్తుందో తెలుసుకుందామని న్యూయార్క్‌లో రైలెక్కి వాషింగ్టన్‌లో దిగాడు. అంతే, వేరే పనేం లేదు.

అది 1951 జనవరి. కుర్రాడి పేరు వారెన్‌ బఫెట్‌. అప్పటికి కొలంబియా యూనివర్సిటీలో మామూలు స్టూడెంట్‌. కాసేపటికి కాపలా ఆయన వచ్చి తలుపు తీశాడు. లోపల నాతో మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు బఫెట్‌. పైఅంతస్తులో ఒకాయన పని చేసుకుంటున్నాడని తెలిసి అక్కడికి వెళ్లాడు. ఆ ఒకాయన లోరిమర్‌ డేవిడ్‌సన్‌. అప్పట్లో కంపెనీ ప్రెసిడెంట్‌కి అసిస్టెంట్‌. తర్వాత అదే కంపెనీకి సీఈఓ అయ్యాడు. సెలవురోజు, ముక్కూమొహం తెలియని కుర్రాడు. సోమవారం రమ్మని పంపించెయ్యొచ్చు. పంపలేదు. దాదాపు నాలుగు గంటలు కూర్చోబెట్టి మాట్లాడాడు.

బఫెట్‌ గురించి మీరు చాలాసార్లే చదివుంటారు. పదకొండేళ్లకే షేర్లు కొన్నాడు, ఎప్పుడో కొన్న పాత ఇంట్లోనే ఉంటాడు, కోక్‌ తాగుతాడు.. ఇవన్నీ తెలిసినవే. ఇక్కడ నేను చెప్పాలనుకుంటున్నది ఆయన డబ్బు గురించి కాదు. తనకి సాయం చేసినవాళ్ల గురించి ఆయన ఎలా మాట్లాడతాడన్నది. థ్యాంక్స్‌ చెప్పడంలో ఏముంది, అదేమైనా స్కిల్లా అంటారేమో! ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకి నా దృష్టిలో అది స్కిల్లే. చూద్దాం.

ఆ రోజు ఏం నేర్చుకున్నాడు?

ఆ కంపెనీ పేరు గవర్నమెంట్‌ ఎంప్లాయీస్‌ ఇన్సూరెన్స్‌ కంపెనీ. పొట్టిగా గైకో. 1936లో లియో గుడ్విన్‌, ఆయన భార్య లిలియన్‌ కలిసి పెట్టారు. కార్లకి ఇన్సూరెన్స్‌ చేస్తుంది.

మన ఇళ్లలో ఇన్సూరెన్స్‌ అంటే ముందు గుర్తొచ్చేది ఏజెంటు. చుట్టాల్లో ఒకరో, నాన్నగారి ఫ్రెండో అయి ఉంటారు. మనం కట్టే ప్రీమియంలో కొంత వాళ్ల కమీషన్‌కి పోతుంది. అప్పటి అమెరికాలోనూ ఎక్కువ కంపెనీలది అదే పద్ధతి. గైకో ఏజెంట్లను పెట్టుకోలేదు. పోస్టు ద్వారా నేరుగా కస్టమర్‌కే అమ్మింది. అదీ ముఖ్యంగా ప్రభుత్వోద్యోగులకి. వీళ్లు కాస్త జాగ్రత్తగా బండి నడుపుతారు, యాక్సిడెంట్లు తక్కువ అన్నది లెక్క. కమీషన్‌ ఖర్చు లేదు, క్లెయిములు తక్కువ. కాబట్టి పక్క కంపెనీకంటే తక్కువ ప్రీమియం తీసుకుని కూడా లాభం చూడగలిగింది. మీరు ఇంటర్వ్యూల్లో 'కాంపిటీటివ్‌ అడ్వాంటేజ్‌' అని బట్టీపట్టి చెప్పే మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇన్సూరెన్స్‌ వ్యాపారంలో ఇంకో తమాషా ఉంది. ఇక్కడ డబ్బు ముందు వస్తుంది, ఖర్చు తర్వాత వస్తుంది. ప్రీమియం ఇవాళ కడతాం. క్లెయిము ఎప్పుడో వస్తుంది, రాకపోవచ్చు కూడా. ఈలోపు ఆ డబ్బంతా కంపెనీ చేతిలోనే ఉంటుంది. దాన్ని పెట్టుబడిగా పెట్టుకోవచ్చు. దీన్నే ఫ్లోట్‌ అంటారు. బఫెట్‌ 1967లో నేషనల్‌ ఇండెమ్నిటీ అనే ఇన్సూరెన్స్‌ కంపెనీని కొన్నాడు. ఆయన కంపెనీ బెర్క్‌షైర్‌ హాత్‌వే ఎదుగుదలకి ఆ తర్వాత ఈ ఫ్లోటే పెద్ద ఇంధనం. దానికి మొదటి పాఠం ఆ శనివారం మధ్యాహ్నమే పడింది.

పాఠం విని ఊరుకోలేదు బఫెట్‌. ఆ ఏడాదే నాలుగు దఫాలుగా 350 గైకో షేర్లు కొన్నాడు. పెట్టిన డబ్బు 10,282 డాలర్లు. ఏడాది చివరికి ఆయన మొత్తం ఆస్తిలో 65 శాతానికి పైగా ఆ ఒక్క కంపెనీలోనే ఉంది. ఆ షేరు తనకెందుకు నచ్చిందో వివరిస్తూ ఒక ఆర్థిక పత్రికకి వ్యాసం కూడా రాశాడు. (మీరు మాత్రం ఉన్నదంతా ఒకే షేర్లో పెట్టకండి. ఈ కథ దానికోసం చెప్పడం లేదు!)

ఇప్పుడు నలభై అయిదేళ్లు ముందుకి వెళ్దాం. గైకోలో అప్పటికే దాదాపు సగం వాటా ఉన్న బెర్క్‌షైర్‌, మిగతా సగాన్ని 230 కోట్ల డాలర్లకి కొంది. 1996 జనవరిలో గైకో పూర్తిగా బఫెట్‌ చేతికొచ్చింది. ఆ సందర్భంగా షేర్‌హోల్డర్లకి రాసిన వార్షిక లేఖలో ఆయన ఏం చేశాడంటే, శనివారం నాటి ఆ కథ మొత్తం చెప్పాడు. మూసిన తలుపు, కాపలా ఆయన, డేవిడ్‌సన్‌, నాలుగు గంటలు.. అన్నీ. ఇన్సూరెన్స్‌ గురించి ఒక పూటలో ఇంతకంటే గొప్ప పాఠం ఎవరికీ దొరికి ఉండదన్నాడు. ఏజెంట్లు లేకుండా అమ్మడం వల్ల గైకోకి దక్కిన బలాన్ని డేవిడ్‌సన్‌ తనకి ఎలా విప్పి చెప్పాడో రాశాడు. 1952లో ఆ షేర్లన్నీ 15,259 డాలర్లకి తాను అమ్మేసుకున్న సంగతీ దాచలేదు. ఉంచుకుని ఉంటే ఇరవై ఏళ్లలో వాటి విలువ 13 లక్షల డాలర్లయ్యేదని లెక్క కూడా ఇచ్చాడు.

మామూలుగా ఇంత పెద్ద డీల్‌ అయ్యాక ఏం రాస్తారు? 'ఈ ప్రయాణంలో నాకు అండగా నిలిచిన మెంటార్లందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.' లింక్డిన్‌లో రోజూ కనిపించే వాక్యమే. అందులో పేరు లేదు, రోజు లేదు, నేర్చుకున్నదేంటో లేదు. బఫెట్‌ రాసినదాంట్లో మనిషి పేరుంది, ఎప్పుడు, ఎంతసేపు అన్నది ఉంది, నేర్చుకున్న విషయముంది, నేర్చుకుని కూడా తాను ఎక్కడ తప్పటడుగు వేశాడో అదీ ఉంది. చదివినవాడికి డేవిడ్‌సన్‌ ఎవరో తెలిసిపోతుంది. డేవిడ్‌సన్‌ 1999లో 97 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ ఏడాది ఆగస్టులో కూడా బఫెట్‌ వెళ్లి ఆయన్ని చూసొచ్చాడు. ఆయనే లేకపోతే నా జీవితం ఇంకోలా ఉండేదని తర్వాతి లేఖలో రాసుకున్నాడు.

వద్దన్న గురువు

బఫెట్‌ని రైలెక్కించిన ఆ ప్రొఫెసర్‌ బెంజమిన్‌ గ్రాహం. ఆయన కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ముఖ్యంగా మెయిల్‌ బాక్సులో రిజెక్షన్లు చూసి విసిగిపోయిన మీకు.

1950లో హార్వర్డ్‌ బిజినెస్‌ స్కూల్‌ బఫెట్‌ని తీసుకోలేదు. వేరే కాలేజీల కోసం వెతుకుతూ కొలంబియా కేటలాగ్‌ తిరగేస్తుంటే అందులో గ్రాహం, డేవిడ్‌ డాడ్‌ల పేర్లు కనిపించాయి. 1934లో 'సెక్యూరిటీ ఎనాలిసిస్‌' రాసిన జంట వీళ్లే. గ్రాహం రాసిన 'ది ఇంటెలిజెంట్‌ ఇన్వెస్టర్‌' అప్పటికే చదివేసి ఉన్న బఫెట్‌ ఎగిరి గంతేశాడు. డాడ్‌కి ఉత్తరం రాశాడు, సీటొచ్చింది. గ్రాహం క్లాసులో ఏ ప్లస్‌ తెచ్చుకున్నాడు. చదువైపోయాక గ్రాహం కంపెనీలో జీతం లేకుండా పనిచేస్తానన్నాడు.

గ్రాహం వద్దన్నాడు.

కారణం బఫెట్‌ తెలివితేటలు కాదు. అప్పట్లో వాల్‌స్ట్రీట్‌లో చాలా పెద్ద సంస్థలు యూదులకి ఉద్యోగాలిచ్చేవి కావు. అందుకే గ్రాహం తన చిన్న కంపెనీలో ఉన్న నాలుగైదు ఖాళీలనీ యూదు కుర్రాళ్ల కోసమే ఉంచేవాడు. బఫెట్‌ యూదుడు కాదు. తర్వాతి రోజుల్లో బఫెట్‌ దీన్ని జోకుగా చెప్పేవాడు. ఊరికే వస్తానన్నా గ్రాహం లెక్కలో నేను ఖరీదెక్కువే తేలానని! ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మనకి 'రిగ్రెట్‌' మెయిల్‌ రాగానే మనలోనే ఏదో లోపముందని రాత్రంతా దొర్లుతాం. ఎదుటివాళ్లు కాదనడానికి మనకి కనిపించని కారణాలు సవాలక్ష ఉంటాయి. బడ్జెట్‌ ఆగిపోయి ఉండొచ్చు, ఆ పోస్టే తీసేసి ఉండొచ్చు.

బఫెట్‌ సొంతూరు ఒమాహా వెళ్లిపోయాడు. తండ్రి బ్రోకరేజీ కంపెనీలో షేర్లు అమ్మాడు. నలుగురి ముందు నోరు పెగిలేది కాదట. 100 డాలర్లు కట్టి డేల్‌ కార్నెగీ స్పీకింగ్‌ కోర్సులో చేరాడు. ఆ సర్టిఫికెట్‌ని తర్వాత ఆఫీసు గోడకి తగిలించుకున్నాడు. ఇవన్నీ చేస్తూ గ్రాహంకి ఉత్తరాలు మాత్రం ఆపలేదు. 'సార్‌, నా ఉద్యోగం సంగతేమైంది?' అని కాదు. ఫలానా షేరు చౌకగా ఉంది, ఎందుకో చూడండి అని. అంటే ఆయన క్లాసులో నేర్పిన పద్ధతితోనే పని చేసి, ఆ పనిని ఆయనకే చూపించాడు. 1954లో గ్రాహమే పిలిచి ఉద్యోగమిచ్చాడు. జీతం ఏడాదికి 12,000 డాలర్లు. ఆ ఏడాది చివర్లో బఫెట్‌కి కొడుకు పుడితే హోవార్డ్‌ గ్రాహం బఫెట్‌ అని పేరు పెట్టాడు. హోవార్డ్‌ అంటే తండ్రి పేరు. తాత పేరు మనవడికి పెట్టడం మనకీ మామూలే. పక్కన గురువు పేరు కూడా చేర్చాడు చూశారా, అదీ సంగతి.

రెండేళ్లకి గ్రాహం కంపెనీ మూసేసి రిటైరయ్యాడు. బఫెట్‌ ఒమాహా వచ్చి 1956 మేలో సొంతంగా పార్ట్‌నర్‌షిప్‌ మొదలుపెట్టాడు. వయసు 25. ఇంట్లోవాళ్లు, స్నేహితులు కలిపి ఏడుగురు పెట్టింది 1,05,000 డాలర్లు. తన వాటాగా వేసింది 100 డాలర్లు. ఆ వేసవిలోనే ఒక ఫిజిక్స్‌ ప్రొఫెసర్‌ వెతుక్కుంటూ వచ్చి లక్షకి పైగా డాలర్లు బఫెట్‌ చేతిలో పెట్టాడు. గ్రాహం దగ్గర ఇన్వెస్ట్‌ చేసిన పెద్దమనిషి ఆయన. ఇక మా డబ్బు ఎవరికివ్వాలి అని అడిగితే గ్రాహం చెప్పిన పేరు బఫెట్‌. రిఫరల్‌ అంటే ఇదీ! బఫెట్‌ అడగలేదు. అయిదేళ్లుగా పని చూసిన మనిషి తనంతట తానే పేరు చెప్పాడు.

1976లో గ్రాహం పోయినప్పుడు బఫెట్‌ ఒక నివాళి రాశాడు. రోజూ ఒక పిచ్చి పని, ఒక కొత్త పని, ఒక ఉదారమైన పని చెయ్యాలని గ్రాహం కోరుకునేవాడట. మూడింటిలో చివరిదాంట్లోనే ఆయన ఎక్కువ రాణించాడని బఫెట్‌ మాట. ఎవరికెంత ఇచ్చానని లెక్కలు పెట్టుకోకుండా ఆలోచనల్నీ సమయాన్నీ పంచిన మనిషని రాశాడు.

గురువుని దాటితే?

ఇక్కడే మనవాళ్లకి ఒక చిక్కుంది. 'సార్‌ ఇలా చెప్పారు కదా, వేరేగా చేస్తే ఏమనుకుంటారో' అని ఆగిపోతాం. ప్రొఫెసర్‌ గేట్‌ రాయమన్నారని గేట్‌, అన్నయ్య జావా నేర్చుకోమన్నాడని జావా. మనసు మాత్రం ఇంకెక్కడో ఉంటుంది. విశ్వాసంగా ఉండటమంటే వాళ్లు గీసిన గీత దాటకపోవడమేనా?

గ్రాహం పద్ధతి ఏంటంటే బాగా చౌకగా దొరికే కంపెనీలు కొనడం. ఎవరో పారేసిన చుట్ట ముక్కలాంటివి. ఇంకో దమ్ము మిగిలి ఉంటుంది, దానికి ఖర్చేం లేదు. బఫెట్‌ చాన్నాళ్లు ఇలాగే సంపాదించాడు. 1959లో చార్లీ మంగర్‌ పరిచయమయ్యాడు. లాయరు, ఒమాహాలోనే పుట్టినవాడు. మామూలు కంపెనీని చౌకగా కొనడంకంటే మంచి కంపెనీని సరైన ధరకి కొనడం మేలన్నది ఆయన వాదన. 1972లో సీస్‌ క్యాండీస్‌ అనే మిఠాయిల కంపెనీ అమ్మకానికొచ్చింది. దాని చేతిలో ఉన్న ఆస్తుల విలువ 80 లక్షల డాలర్లు. అమ్మేవాళ్లు అడిగింది 3 కోట్లు. గ్రాహం లెక్కలో ఇది అస్సలు కొనకూడని బేరం. మంగర్‌ మాత్రం కొందామన్నాడు. చివరికి బఫెట్‌ రెండున్నర కోట్లకి బేరం కుదుర్చుకున్నాడు. 2014 నాటికి పన్నుకి ముందు ఆ కంపెనీ సంపాదించి పెట్టింది 190 కోట్ల డాలర్లు. దాన్ని పెంచడానికి అదనంగా పెట్టాల్సి వచ్చింది 4 కోట్లే.

అలా గ్రాహం దారి నుంచి పక్కకి జరిగాక గ్రాహంని మర్చిపోయాడా? 1984లో 'సెక్యూరిటీ ఎనాలిసిస్‌' పుస్తకానికి యాభై ఏళ్లు నిండినప్పుడు కొలంబియాలో బఫెట్‌ ప్రసంగించాడు. తన గొప్ప చెప్పుకోలేదు. గ్రాహం దగ్గర నేర్చుకున్న మిగతా శిష్యుల పేర్లు, వాళ్లు ఏళ్ల తరబడి సాధించిన ఫలితాలు అంకెలతో సహా చదివాడు. మీ పద్ధతి ఇప్పుడు పనికిరాదనేవాళ్లకి అదే సమాధానం. ఇక మంగర్‌ 2023 నవంబరులో, వందో పుట్టినరోజుకి నెలరోజుల ముందు చనిపోయాడు. తర్వాత వచ్చిన వార్షిక లేఖని బఫెట్‌ ఆయనతోనే మొదలుపెట్టాడు. బెర్క్‌షైర్‌ అనే భవనానికి ప్లాను గీసింది మంగర్‌, నేను మేస్త్రీని మాత్రమే అన్న అర్థంలో రాశాడు. తనకి ఆయన కొంత అన్నలాంటివాడు, కొంత తండ్రిలాంటివాడు అన్నాడు. ఆ లేఖ రాసేనాటికి బఫెట్‌ వయసు 93. బెర్క్‌షైర్‌ ఘనతంతా తనదేనని ఊరుకున్నా ఎవరూ అడిగేవాళ్లు లేరు.

సరే, మన సంగతి?

ఈపాటికి మీకు ఒక డౌటు వచ్చి ఉండాలి. రాకపోతే నేనే అడుగుతాను. బఫెట్‌ తండ్రి అమెరికా కాంగ్రెస్‌ సభ్యుడు. రైలు టికెట్‌కి డబ్బుంది, ఉద్యోగం రాకపోతే చేరడానికి నాన్న కంపెనీ ఉంది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, హైదరాబాద్‌లో నాకు తెలిసింది హాస్టల్‌ వార్డెన్‌ ఒక్కరే, నాకెవరు తలుపు తీస్తారు? న్యాయమైన ప్రశ్నే. ఆ తేడాని నేను కాదనను. జీతం లేకుండా చేస్తాననడం కూడా ఆయనకి చెల్లింది. మీరు అలా అనకండి. ఊరికే ఆరు నెలలు పని చేయించుకుని 'ఎక్స్‌పీరియన్స్‌ లెటర్‌' ఇచ్చి పంపేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. సెషన్‌కి ఇంత అని తీసుకుని 'మెంటార్‌షిప్‌' అమ్మేవాళ్లూ ఉన్నారు. రిఫరల్‌ ఇస్తాను, డబ్బు పంపు అంటే మాత్రం అది మోసమే, మాటలు పెంచకుండా బ్లాక్‌ చేసెయ్యండి.

కానీ డేవిడ్‌సన్‌ నాలుగు గంటలు కూర్చోవడానికి కారణం రైలు టికెట్‌ కాదు. గ్రాహం శిష్యుడన్న మాట తలుపు దాటించి ఉండొచ్చు, ఆ తర్వాత కూర్చోబెట్టింది ఆ కుర్రాడి ప్రశ్నలు. లైబ్రరీలో చదువుకుని వెళ్లాడు కాబట్టి ఏం అడగాలో తెలిసింది. టెక్‌ బ్లాగు రాస్తాను కాబట్టి నాకు రోజూ మెసేజ్‌లొస్తాయి. 'హాయ్‌ అన్నా', 'గైడ్‌ మీ అన్నా', 'బ్రో ఏదైనా ఓపెనింగ్‌ ఉంటే చెప్పండి'. వీటికి ఏం రిప్లై ఇవ్వాలి చెప్పండి! పంపినవాళ్లది నిజమైన అవసరమే. కానీ అటువైపు మనిషి పట్టుకోవడానికి అందులో ఏ కొసా లేదు. 'అన్నా, మీరు ఏపీఐ టెస్టింగ్‌ గురించి రాసింది చూసి మా కాలేజీ బస్‌ యాప్‌కి ప్రయత్నించాను. లాగిన్‌ టోకెన్‌ దగ్గర ఆగింది. ఇదిగో ఎర్రర్‌, ఇప్పటిదాకా ఈ రెండూ చేసి చూశాను' అని రాస్తే అర్ధరాత్రయినా సమాధానం ఇవ్వబుద్ధేస్తుంది. ఇచ్చాను కూడా.

రెండోది, చాలామంది వదిలేసేది. సాయం అందాక ఏమైందో వెనక్కి వచ్చి చెప్పడం. ప్రాబ్లమ్‌ తీరగానే మాయమైపోతారు. ఆర్నెల్ల తర్వాత ఇంకో అవసరం పడితే మళ్లీ 'హాయ్‌ అన్నా'. గ్రాహంకి బఫెట్‌ పంపిన ఉత్తరాల్ని ఇంకోసారి గుర్తుచేసుకోండి. అవి మర్యాద ఉత్తరాలు కావు, మీరు చెప్పింది ఇలా వాడాను అనే నివేదికలు. టీచర్స్‌ డేకి గులాబీ పువ్వు బొమ్మతో ఫార్వర్డ్‌ పంపితే ల్యాబ్‌లో మీకు సి లాంగ్వేజ్‌ నేర్పిన మేడమ్‌ చూసి ఒక నమస్కారం పెడతారు. అదే 'మేడమ్‌, రెండో ఏడాదిలో మీరు పాయింటర్లు బోర్డు మీద డబ్బాలు గీసి చెప్పారు. నిన్న ఇంటర్వ్యూలో అదే ప్రశ్న అడిగారు, అలాగే డబ్బాలు గీసి చెప్పాను, సెలెక్టయ్యాను' అని రాయండి. ఆవిడ ఆ మెసేజ్‌ని స్టాఫ్‌ రూమ్‌లో పదిమందికి చూపిస్తారు. వచ్చే ఏడాది జూనియర్లకి ఆ టాపిక్‌ చెప్పేటప్పుడు మీ పేరు వస్తుంది.

సెలెక్ట్‌ కాకపోయినా రాయొచ్చు. 'మీరు చెప్పినట్టు ప్రాజెక్టు నుంచే మొదలుపెట్టాను, రెండో రౌండ్‌ దాకా వెళ్లాను, డేటాబేస్‌ ప్రశ్న దగ్గర పోయింది' అంటే చాలు. అది చదివినవాళ్లకి మీకు తర్వాత ఏం చెప్పాలో తెలుస్తుంది. సమాధానం రాకపోతే రెండు వారాలాగి, ఈలోపు చేసిన కొత్త పని ఏదైనా ఉంటే దాంతో ఇంకోసారి రాయండి. అప్పటికీ రాకపోతే వదిలేసి ఇంకొకరిని వెతకండి. వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి.

మెంటార్‌ అంటే పెద్ద కంపెనీ సీఈఓనే అయి ఉండాలనీ లేదు. గత ఏడాది ప్లేస్‌ అయిన సీనియర్‌, అమీర్‌పేటలో క్లాసు అయ్యాక పది నిమిషాలు ఆగి డౌట్‌ చెప్పిన సార్‌, మాక్‌ ఇంటర్వ్యూ చేసిపెట్టిన రూమ్మేట్‌ వాళ్ల అక్క.. వీళ్లలో ఒకరైనా మీకుంటారు. ప్లేస్‌మెంట్‌ సీజన్‌ మొదలయ్యేలోపు ఓ గంట కూర్చుని ఒక నోట్‌బుక్‌లో వాళ్ల పేర్లు రాసుకోండి. పక్కనే ఏ నెలలో, ఏ విషయం నేర్పారో కూడా. 'మీ ప్రయాణంలో మీకు సాయం చేసినవాళ్ల గురించి చెప్పండి' అని హెచ్‌ఆర్‌ అడిగినప్పుడు 'మా పేరెంట్స్‌, టీచర్స్‌ అండీ' అని ఆగిపోకుండా, ఆ నోట్‌బుక్‌లో ఉన్న ఒక పేరు, ఒక పాఠం, దాంతో మీరు చేసిన పని చెప్పొచ్చు.